మాస్టారి మొహం మీద మచ్చలు

మొన్న మాస్టారు పోయారు. ఎనభై దాటాయి. మంచాన పడి ఎవరిచేతా చేయించుకోకుండా, పొద్దున్నే కాఫీ తాగి పేపరు చూస్తూ పోయారు. ఆ విషయంలో అదృష్టవంతులే అన్నారు అందరూ. పెద్దకర్మ నాడు సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వెళ్ళాను.

గట్టెక్కి వాళ్ళ వీధి మలుపు తిరగ్గానే ఫ్లెక్సీ కనిపించింది. నిలువెత్తు ఫ్లెక్సీ. వెనకాల నీలం ఆకాశం, మబ్బులు, రెండు తెల్ల పావురాలు, కింద వెలుగుతున్న దీపం. మధ్యలో ఎవరో పెద్దాయన. పేరు చదివితే గాని ఆయన మాస్టారని నాకు తెలియలేదు. ఆయన ఫోటో స్టూడియోలో పన్నెండేళ్ళు పనిచేసినవాణ్ణి నేను.

జుట్టు చూస్తే ఎనభై ఏళ్ళ మనిషిది. బుగ్గలు మాత్రం పదహారేళ్ళ కుర్రాడివి. మైనంతో చేసినట్టు నున్నగా ఉంది మొహం. మా మాస్టారి మొహం నిండా అమ్మవారి మచ్చలు. చిన్నప్పుడు పోసిందట, బతకడని చాప మీద పడుకోబెట్టేశారట. చెంపల మీద, ముక్కు మీద, నుదుటి మీద శనగలు గుచ్చి తీసినట్టు గుంటలు. నవ్వితే ఆ గుంటలన్నీ పక్కకి సాగేవి. అవి లేకుండా ఆయన్ని నేను ఒక్కరోజు కూడా చూడలేదు.

మాస్టారి అమ్మాయి వచ్చి పక్కన నిలబడింది.

"నాన్న బాగున్నారు కదా అన్నయ్యా? ఫోన్లో ఫోటో పంపిస్తే గంటలో చేసిచ్చాడు ఆ అబ్బాయి."

"బాగున్నారమ్మా" అన్నాను. ఇంకేమంటాను.

భోజనాలయ్యాక అటక మీంచి ఒక రేకు ట్రంకు పెట్టె దింపించింది. "నాన్న పాత నెగెటివ్‌లు. నీకు తప్ప ఎవరికీ పనికిరావు, పట్టుకుపో అన్నయ్యా" అంది. తిరిగొచ్చేటప్పుడు పంటు మీద దాన్ని కాళ్ళ మధ్య పెట్టుకుని, ఆగలేక మూత కొంచెం ఎత్తాను. గుప్పుమని వెనిగర్ వాసన. పక్కన సైకిలు పట్టుకుని నిల్చున్నాయన "ఏం పచ్చడండీ అది, అంత పులుపు వాసనేస్తుంది?" అని అడిగాడు.

పచ్చడి కాదు. వెనకటి ఫిల్ముని ఎసిటేట్ అనే ప్లాస్టిక్ మీద పోసేవారు. వయసు మీద పడితే అది విరిగిపోతూ ఈ పులుపు వాసన వదులుతుంది. వేడి, తేమ ఎక్కువైన చోట ఇంకా త్వరగా పోతుంది. మా వైపు ఆ రెండింటికీ కొదవ లేదు. కానీ నా ముక్కుకి అది పాడైపోయిన ఫిల్ము వాసనలా అనిపించలేదు. డార్క్ రూమ్‌లో కాగితం మీద బొమ్మ తేల్చే డెవలపర్ తొట్టికీ, తేలిన బొమ్మని నిలబెట్టే హైపో తొట్టికీ మధ్య ఎసిటిక్ యాసిడ్ నీళ్ళ తొట్టి ఒకటి ఉండేది. అచ్చం అదే వాసన. పంటు అవతలి ఒడ్డుకి చేరేలోపు నేను నలభై ఏళ్ళు వెనక్కి పోయాను.

*

పదో తరగతి తప్పాక మా మావయ్య నన్ను ఆ స్టూడియోలో పెట్టాడు. "చీకట్లో పనంట, ఎండలో కొబ్బరి దింపు కన్నా నయం" అన్నాడు మా నాన్నతో. మొదటి ఆరు నెలలూ నేను కెమెరా ముట్టుకోలేదు. నీళ్ళు మోశాను.

ఫోటోకి నీళ్ళెందుకంటారేమో. హైపోలోంచి తీసిన కాగితాన్ని గంటసేపు పారే నీళ్ళలో కడగాలి. సరిగ్గా కడక్కపోతే కొన్నేళ్ళకి పచ్చబడిపోతుంది. నరసాపురంలో నీళ్ళకేం తక్కువ అనుకోకండి. గోదారి ఎదురుగానే ఉంటుంది గాని, పోటు వచ్చినప్పుడు సముద్రం ఎదురెక్కి నీరు ఉప్పగా ఉంటుంది. కాలవ నీళ్ళే గతి. ఆ కాలవ వర్షాకాలంలో ఎర్రటి ఒండ్రుతో వచ్చేది. వేసవిలో కాలవలు కట్టేస్తే అదీ లేదు, వీధి చివర బావి నుంచి కావిడితో తేవాలి. తెచ్చిన నీళ్ళలో పటిక తిప్పి, తేరాక పైతేట వంచి, గుడ్డతో వడకట్టి తొట్లలో పోసేవాణ్ణి. మా అమ్మ ఇంట్లో చిల్లగింజ అరగదీసి నీళ్ళు తేర్చేది. అది కూడా వాడి చూశాను, మాస్టారు తిట్టారు. తమాషా ఏంటంటే ఆ పటికనే హైపోలోనూ కలిపేవాళ్ళం. ఎండాకాలంలో కాగితం మీది పొర మెత్తబడి జారిపోకుండా గట్టిపరుస్తుంది.

డెవలపర్ కూడా స్టూడియోలోనే కలిపేవాళ్ళం. బంగారం తూచే త్రాసులాంటిది ఒకటి ఉండేది. లీటరు నీటికి మెటాల్ 2 గ్రాములు, సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, బోరాక్స్ 2. స్కూల్లో పదమూడో ఎక్కం రాలేదు గాని ఇది ఇప్పటికీ నిద్రలో అడిగినా చెబుతాను. మెటాల్ ముందు కరగాలి. సల్ఫైట్ ముందు పోస్తే ఇక మెటాల్ కరగదు. ఓసారి అలా పోసి ఒక పూట పని పాడుచేశాను. మాస్టారు ఏమీ అనలేదు. ఆ సీసా నా ముందు పెట్టి సాయంత్రం దాకా కలపమన్నారు.

ఆ గదిలో చప్పుళ్ళే వేరు. ఎర్ర బల్బు, తొట్టిలో నీళ్ళు మెల్లగా అటూ ఇటూ ఊగే చప్పుడు, నెగెటివ్‌ని కాగితం మీద పెద్దదిగా పడేసే ఎన్‌లార్జర్ కింద మాస్టారు "ఒకటీ... రెండూ... మూడూ..." అని లెక్కపెట్టే గొంతు. బయట రేవులో పంటు వాడి కేక. కాగితం మీద ముందు కనుబొమలు వచ్చేవి, తర్వాత జుట్టు, తర్వాత కళ్ళు. ఎవరి మొహమైనా అదే వరస. గ్లేజింగ్ రేకుల మీద అంటించిన ఫోటోలు ఆరిపోగానే చిటచిటమంటూ వాటంతటవే ఊడి కింద పడేవి. ఆ చిటచిట వినిపిస్తే "అబ్బాయ్, పండినట్టున్నాయి, ఏరు" అనేవారు.

*

మాస్టారి అసలు విద్య పెన్సిలు.

ఉత్తరం కిటికీ దగ్గర ఏటవాలు చెక్క బల్ల. దానికి మధ్యలో గరుకుటద్దం, కింద మామూలు అద్దం. కిటికీ వెలుతురు కింది అద్దం మీద పడి పైకి వస్తుంది. నెగెటివ్ ఆ గరుకుటద్దం మీద పెట్టి, తల మీద నల్లగుడ్డ కప్పుకుని కూచునేవారు. పెన్సిలు ముల్లు అంగుళంన్నర బయటికి చెక్కి, గరుకు కాగితం మీద తిప్పి తిప్పి సూదిలా చేసేవారు. నెగెటివ్ మీద పెన్సిలు నిలవదు కాబట్టి ముందు టర్పెంటైన్‌లో కరిగించిన జిగురు మందు ఒక చుక్క వేసి పత్తితో రుద్దాలి. తర్వాత కామాల్లాంటి చిన్న చిన్న గీతలు. మొహం మీద గుంట ఉంటే ఫోటోలో నల్లగా పడుతుంది, నెగెటివ్‌లో అక్కడ పలచగా ఉంటుంది. ఆ పలచటి చోటుని పెన్సిలుతో చుట్టుపక్కల చిక్కదనానికి తీసుకురావడమే టచింగ్. ఒక్క గీత ఎక్కువైతే బుగ్గ మీద తెల్ల పురుగు పాకినట్టు పడుతుంది.

"తప్పు చేస్తే భయపడకు. టర్పెంటైన్‌తో తుడిస్తే పోద్ది. మొహం అడుగున భద్రంగా ఉంటది" అనేవారు. ఆ మాట నాకు బాగా నచ్చేది. ఎంత గీసినా అసలు మొహం కింద అలాగే ఉంది కదా అని.

ఇప్పటి పిల్లలకి తెలియదు, ఆ రోజుల్లో మచ్చల మొహాలు ఎన్నో. మన దేశంలో ఆఖరి మశూచి కేసు 1975లో. నేను పనిలో చేరేనాటికి ఆ రోగం పోయింది గాని, అది వచ్చి బతికినవాళ్ళు అందరూ ఉన్నారు. ఆడపిల్లకి సంబంధాలు చూడాలంటే ముందు ఫోటో కావాలి. తల్లులు పిల్లని తీసుకొచ్చి, పిల్లని బయట కూచోబెట్టి, లోపలికి వచ్చి గొంతు తగ్గించి "కొంచెం చూసి చెయ్యండి బాబూ" అనేవారు. ఏం చూడాలో చెప్పేవారు కాదు. మాస్టారి మొహం చూశాక చెప్పడానికి నోరు రాదేమో.

ఓసారి ఒకమ్మాయికి మాస్టారు మొత్తం తీసేశారు. మచ్చలు తీసి, ముక్కు పక్కన పుట్టుమచ్చ తీసి, ప్రింటులో ఛాయ కూడా రెండు మెట్లు పెంచారు. ఫోటో చూసి భీమవరం నుంచి పెళ్ళివారు వచ్చారు. పిల్లని చూసి, కాఫీలు కూడా తాగకుండా లేచి వెళ్ళిపోయారట. మర్నాడు ఆ పిల్ల తండ్రి స్టూడియోకి వచ్చాడు. కేకలేస్తాడనుకున్నాను. కుర్చీలో కూచుని, "మా పిల్ల మొహం మీకంత బాగోలేదాండీ?" అని అడిగాడు, అంతే. మాస్టారు లేచి నిలబడ్డారు. ఆయన వెళ్ళేదాకా నిలబడే ఉన్నారు.

ఆ తర్వాత నాకు నేర్పిన లెక్క ఇది. "వారంలో పోయేది తియ్యి. చచ్చేదాకా ఉండేది ఉంచు." మొటిమ తియ్యొచ్చు, సెగ్గడ్డ తియ్యొచ్చు, నిద్ర లేక వచ్చిన నల్లచారలు తియ్యొచ్చు. పుట్టుమచ్చ జోలికి పోకూడదు. మరి అమ్మవారి మచ్చలో అని అడిగాను. కాసేపు ఆలోచించి "సగం" అన్నారు. సగమే తీసేవారు. వెలుతురు పడ్డ చెంప మీద మచ్చలు పలచబరిచి, నీడ చెంప మీదవి వదిలేసేవారు. చూసినవాళ్ళకి మచ్చలున్నాయని తెలుస్తుంది, కానీ మొదట కళ్ళు కనిపిస్తాయి. అంతకన్నా గొప్ప పని నేను ఏ కంప్యూటర్లోనూ చూడలేదు. నేను చేసింది కూడా కలిపి చెబుతున్నాను.

*

పోయినవాళ్ళ ఫోటోలు తీయడానికి కూడా పిలిచేవారు. బతికుండగా ఒక్క ఫోటో కూడా దిగని ముసలివాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉండేవారు. ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని కొందరు, డబ్బు దండగని కొందరు.

ఒక లంక ఊరికి నాటు పడవ మీద వెళ్ళాం. వాన పడుతోంది. ముసలమ్మని అరుగు మీద కుర్చీలో కూచోబెట్టి, వెనకాల గోడకి చేరవేసి, గడ్డం కింద కట్టు విప్పి, బొట్టు పెట్టారు. మాస్టారు యాషికా కెమెరా మెడలో వేసుకుని కిందికి చూస్తూ చాలాసేపు సర్దారు. పన్నెండు ఫోటోలు పడే ఫిల్ములో మూడు తీశారు. నేను గొడుగు పట్టుకున్నాను. కెమెరాకి.

పెద్ద సైజు ప్రింటు వేసి, మూసిన రెప్పల మీద సన్న కుంచెతో కళ్ళు వేశారు మాస్టారు. రెండు రోజులు పట్టింది. తెరిచిన కళ్ళు, లోపల చిన్న తెల్లటి మెరుపు. ముసలమ్మ లేచి కూచున్నట్టే ఉంది. నాకు ఒళ్ళు జలదరించింది.

కూతురు వచ్చి చూసింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, మొహమాటపడుతూ, "ఇంకేం అనుకోకండి. మాయమ్మకి ఎడమ కన్ను కొంచెం మెల్లండీ" అంది.

మాస్టారు ఫోటో వెనక్కి తీసుకున్నారు. ఎడమ కంటి నల్లగుడ్డు తడి పత్తితో చెరిపి, మళ్ళీ వేశారు. ఇంకొంచెం లోపలికండీ అంది ఆవిడ. ఇంకొంచెం జరిపారు. "ఆ... ఆయ్, ఇదే మాయమ్మ" అంది.

చాలా ఏళ్ళ తర్వాత ఒక పుస్తకంలో చదివాను. ఇంగ్లండులో హెన్రీ పీచ్ రాబిన్సన్ అనే ఆయన 1858లోనే ఐదు నెగెటివ్‌లు కలిపి, మంచం మీద కన్నుమూస్తున్న అమ్మాయి ఫోటో ఒకటి చేశాడట. జనం గొడవ చేశారట. అంటే ఈ తగువు మా మాస్టారి తాతల నాటిది. ఫోటో అబద్ధం ఆడకూడదు అని వాదించే కుర్రాళ్ళు ఇప్పుడు నా దగ్గరికి వస్తుంటారు, పచ్చి ఫోటో అంటారు, ఎడిటింగే పాపమంటారు. వాళ్ళకి ఆ మెల్లకన్ను సంగతి చెబుతాను. ఆ ఫోటోలో నూటికి నూరుపాళ్ళు అబద్ధం ఆ కళ్ళు. కూతురు గుర్తుపట్టింది కూడా ఆ కళ్ళనే.

*

అబద్ధాల మాటొస్తే మా స్టూడియో పరదా సంగతి చెప్పాలి. తాజ్‌మహల్, దాని ముందు కొలను, కొలనులో హంసలు, పైన చంద్రుడు. చంద్రుడి దగ్గర గుడ్డ చిరిగితే మాస్టారు ఇంకో హంసని వేశారు, ఆకాశంలో. ఎవరూ అడగలేదు. గుమస్తా పరీక్షలకి వెళ్ళే కుర్రాళ్ళ కోసం ఒక కోటు ఉండేది. ఎవరికైనా సరిపోయేలా వీపు మధ్యన నిలువునా కోసేసి, వెనకాల బట్టల క్లిప్పులు పెట్టేవాళ్ళం. ముందు నుంచి చూస్తే కలెక్టరే.

భీష్మ ఏకాదశికి అంతర్వేదిలో కల్యాణం జరిగినప్పుడు ఇసకలో పాక వేసి అక్కడ కూడా పెట్టేవాళ్ళం దుకాణం. అట్టతో విమానం బొమ్మ, కిటికీలకి కన్నాలు. కుటుంబం అంతా ఆ కన్నాల్లోంచి తలలు పెట్టి నవ్వేవారు. అది అబద్ధమని తీసినవాడికీ తెలుసు, దిగినవాళ్ళకీ తెలుసు, చూసినవాళ్ళకీ తెలుసు. ఆ విమానం గురించి ఎవరికీ ఏ బాధా లేదు.

*

తర్వాత రంగుల ఫిల్ము వచ్చింది. అప్పట్లో మన ఊటీలో తయారైన ఇందు ఫోటో కాగితం అట్టపెట్టెలు అటకెక్కాయి. ముప్పై ఆరు ఫోటోలు తీయడం, రాజమండ్రి ల్యాబ్‌కి పంపడం, కవర్లలో పెట్టి ఇవ్వడం. ఆ చిన్న నెగెటివ్ మీద పెన్సిలు పట్టదు. మాస్టారి బల్ల మీద కవర్లు పేర్చుకున్నాం.

ఇప్పుడు ఆలోచిస్తే ఒకటి అనిపిస్తుంది. రంగుల ఫిల్ము వచ్చిన దగ్గర్నుంచి కంప్యూటర్ వచ్చేదాకా, ఒక పదిహేనేళ్ళు, మా ఊళ్ళ మొహాలు ఎలా ఉన్నవి అలాగే పడ్డాయి. మా చేతుల్లో ఏమీ లేదు. ఆ ఆల్బమ్‌లు తెరిచి చూడండి. ఫ్లాష్‌కి మెరిసే నుదుళ్ళు, ఎర్రటి కళ్ళు, కళ్యాణ మండపంలో నోట్లో అరటిపండుతో పడ్డ బాబాయి. అంత నిజమైన ఫోటోలు మా వాళ్ళకి అంతకు ముందు లేవు, ఆ తర్వాతా లేవు. అంత వికారంగా ఉన్నవీ లేవు.

96 తుఫానప్పుడు మాత్రం నలుపు తెలుపు ఫిల్ము మళ్ళీ ఎక్కించాం. కోనసీమలో కొబ్బరిచెట్లు మొదళ్ళతో సహా పడిపోయాయి. నిలబడ్డ వాటికి తలలు లేవు. వార్తల కోసం ఫోటోలు కొనుక్కోవడానికి ఒకాయన వచ్చాడు. మేం తీసినవన్నీ చూసి, కూలిన ఇంటి ఫోటో ఒకటి, శవం ఉన్న ఫోటో ఒకటి పక్కపక్కన పెట్టాడు. "ఈ రెండూ కలిపి ఒకటిగా వెయ్యగలరా మాస్టారూ? చీకటి గదిలో మీకు పెద్ద పనా?" అన్నాడు. పెద్ద పనేం కాదు, అరగంట పని.

"ఆ రెండూ ఒక ఊళ్ళో పడలేదండీ" అన్నారు మాస్టారు. అతను ఏదీ కొనకుండా వెళ్ళిపోయాడు. తాజ్‌మహల్ ముందు మా ఊరి రైతుని నిలబెట్టిన మనిషే ఆ మాట అన్నది. 2015లో వరల్డ్ ప్రెస్ ఫోటో పోటీలో చివరి వడపోతకి ముందు దశ దాకా వచ్చిన వాటిలో 20 శాతం మార్పులు చేశారని పక్కన పెట్టారని చదివినప్పుడు నాకు ఆయనే గుర్తొచ్చారు.

తుఫాను మరుసటేడు నేను ఇటు ఒడ్డున సొంత దుకాణం పెట్టుకున్నాను.

*

కంప్యూటర్ కొన్నది అప్పు చేసి. ఫోటోషాప్ 1990 నుంచే ఉందంటారు గాని, మా దాకా వచ్చేసరికి అది ఏడో నంబరు. 2002లో వచ్చిన ఆ ఏడులో హీలింగ్ బ్రష్ అని ఒకటి కొత్తగా పెట్టారు. పక్కన బాగున్న చర్మాన్ని ముందు చూపించి మచ్చ మీద నొక్కితే చాలు, దాన్ని తెచ్చి అతికేస్తుంది. మొదటిసారి అది చూసిన రోజు నేను పంటు ఎక్కి వెళ్ళి మాస్టారిని తీసుకొచ్చాను. ఒక మొహం మీద నాలుగు మచ్చలు తీసి చూపించాను. నాలుగు నొక్కులు.

చాలాసేపు చూశారు. "మరి తుడిస్తే పోద్దా?" అని అడిగారు.

అన్‌డూ చూపించాను. "సేవ్ చేసి మూసేశాక?" అన్నారు. అసలు ఫైలు వేరే దాచుకోవాలండీ అన్నాను. "దాస్తున్నావా మరి?"

అప్పటికి దాయడం లేదు. ఆ చిన్న హార్డ్ డిస్కులో చోటెక్కడిది.

ఆ కంప్యూటర్ మీద నేను నాకోసం చేసుకున్న మొదటి పని మా నాన్న ఫోటో. 86 వరదల్లో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది గోదారి. మా ఇంట్లో గోడ సగం దాకా నీళ్ళు. అప్పటికి నాన్న పోయి ఏడాది. ఫోటో అద్దానికి అతుక్కుపోయింది. మంచినీళ్ళలో నానబెట్టి మెల్లగా విడదీశాను గాని, తడికి పొర ఉబ్బి కుడి బుగ్గ, కుడి కన్ను అద్దానికే ఉండిపోయాయి. ఆ నెలంతా స్టూడియోకి అలాంటి ఫోటోలే వచ్చాయి, బురద వాసనతో.

ఎడమ సగం కాపీ చేసి, తిప్పి, కుడి వైపు అతికించాను. వెలుతురు సరిచేశాను. మూడు రాత్రులు కూచున్నాను. అమ్మ చూసి ఎంత సంతోషించిందో చెప్పలేను. దండ వేసింది, దీపం పెట్టింది. ఇప్పటికీ ఇంట్లో అదే ఫోటో.

నాన్నకి రెండు బుగ్గలూ ఒకలా ఉండేవా? నాకు తెలీదు. అసలు కుడి బుగ్గ ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకుందామని కళ్ళు మూసుకుంటాను. నేను అతికించినదే వస్తుంది.

*

ఇప్పుడు దుకాణం పని ఎక్కువగా మా మేనల్లుడు చూస్తాడు. మంచి చెయ్యి వాడిది, కాదనను. వాడికి ఒక్కో ఫోటో మీద కూచునే ఓపిక లేదు, తీరికా లేదు. పెళ్ళంటే మూడు వేల ఫోటోలు. అన్నిటికీ ఒకేసారి ఏదో సెట్టింగు వేసేసి అన్నానికి వెళ్ళిపోతాడు, వచ్చేసరికి అందరి మొహాలూ నున్నగా అయిపోయి ఉంటాయి.

పోయినేడు మాఘమాసంలో ఒక పెళ్ళి. ఆల్బమ్ ఇంటికి తీసుకెళ్ళి ఇచ్చి వచ్చాం. సాయంత్రానికి పెళ్ళికూతురి నాయనమ్మ ఆటోలో దిగింది. ఆల్బమ్ నా టేబుల్ మీద పెట్టి "బుగ్గచుక్కేదిరా?" అంది.

చూశాను. నిజమే. పెళ్ళికూతురి బుగ్గన కాటుకతో పెట్టిన చుక్క ఒక్క ఫోటోలోనూ లేదు. ఆ సాఫ్ట్‌వేర్ దాన్ని మచ్చ అనుకుంది. పెళ్ళికొడుకుదీ తీసేసింది. చంటిపిల్లల నుదుటి మీది దిష్టిచుక్కలూ తీసేసింది. పేజీ తిప్పితే మంగళస్నానం. పసుపు రాసిన మొహాన్ని, రంగు తేడాగా ఉందనుకుని, తెల్లగా సరిచేసింది. ఒంటి నిండా పసుపుతో కూచోవలసిన పిల్ల సబ్బు రుద్దుకుని వచ్చినట్టుంది.

"పిల్లకి దిష్టి తగలదట్రా? అంత పసుపు కొట్టించాను, ఏం చేశార్రా దాన్ని?" అంటోంది పెద్దావిడ. మా వాడు నవ్వాపుకుంటున్నాడు. నాకు నవ్వు రాలేదు. వాణ్ణి లేపి నేను కూచున్నాను. అదృష్టం కొద్దీ కెమెరా కార్డు ఇంకా చెరపలేదు. అసలు ఫోటోలు తీసి, ఆల్బమ్‌లో ఉన్న ప్రతి బుగ్గకీ దాని చుక్క దానికి తెచ్చిపెట్టాను. రెండు రాత్రులు పట్టింది. పేజీలన్నీ మళ్ళీ నా డబ్బుతోనే వేయించాను.

ఆ ఆల్బమ్‌లోనే ఇంకో తమాషా. జంట వెనకాల మంచుకొండలు, ఎర్రటి పూలతోటలు పెట్టాడు మావాడు. ఫోటో తీసింది మా ఊరి కాలవగట్టు మీద, కొబ్బరితోట ముందు. సినిమావాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఈ కొబ్బరితోటల్లో షూటింగులు చేసుకుంటారు. మేం ఇక్కడే పుట్టి వీటిని చెరిపేసి మంచు పెడతాం. అడిగితే "కస్టమర్‌కి అదే కావాలి మావయ్యా" అంటాడు. నిజమే, వాళ్ళకి అదే కావాలి. మా తాజ్‌మహల్ పరదా గుర్తొచ్చి నోరు మూసుకుంటాను. కొండలతో నాకు పేచీ లేదు. పసుపు మొహాన్ని అడక్కుండా కడిగేసిందే, దానితోనే నా పేచీ.

*

ట్రంకు పెట్టె రెండు వారాలుగా నా బల్ల మీద ఉంది. చాలా నెగెటివ్‌లు అప్పడాల్లా చుట్టుకుపోయాయి. బాగున్నవి ఒక్కొక్కటే స్కాన్ చేస్తున్నాను. ప్రతి కవరు మీదా మాస్టారి రాత. నంబరు, ఊరు, సైజు. "మొగల్తూరు, కార్డు, 3." "రాజోలు, పెళ్ళిచూపులు, టచింగ్ సగం." ఆ "సగం" అని రాసినవి బోలెడున్నాయి.

అడుగున ఒక కవరు మీద నంబరు లేదు. "సొంతం" అని ఉంది, అంతే.

కిటికీకి ఎత్తి చూశాను. పాతికేళ్ళ కుర్రాడు. వెనకాల తాజ్‌మహల్, అప్పటికి హంస ఇంకా పైకి ఎగరలేదు. ఒంటి మీద కోటు. ఆ కోటు నాకు తెలుసు, దాని వీపు ఎలా ఉంటుందో కూడా తెలుసు. ఆయన పని నేర్చుకున్న రోజుల్లో, ఆ స్టూడియో ఇంకా వాళ్ళ గురువుగారిదిగా ఉన్నప్పుడు దిగింది అయ్యుంటుంది. పెళ్ళిచూపుల కోసమే కావచ్చు.

భూతద్దం పెట్టి చూశాను. రెండు చెంపలూ పెన్సిలే. ముక్కు, నుదురు, గడ్డం, ఎక్కడా ఖాళీ లేదు. ఒక్కో గుంటకీ నాలుగైదు కామాలు. నీడ చెంప కూడా వదల్లేదు. స్కాన్ చేసి స్క్రీను మీద తిప్పి చూస్తే, నున్నటి బుగ్గలతో, ఫ్లెక్సీ మీద ఉన్న మనిషే. ఆ గీతలు ఎవరివో నాకు చెప్పక్కర్లేదు. పన్నెండేళ్ళు ఆ చేతి పక్కన కూచున్నాను.

మాస్టారి అమ్మాయి నిన్న ఫోన్ చేసింది. "పెట్టెలో నాన్నది ఏదైనా మంచి ఫోటో ఉంటే చెయ్యి అన్నయ్యా, ఇంట్లో పెట్టుకుంటాం."

ఉందమ్మా, చేస్తానన్నాను.

పక్క పెయింట్ల కొట్లో టర్పెంటైన్ సీసా తెచ్చాను. పత్తి ఇంట్లో ఉంది. తుడవడం రెండు నిమిషాల పని, అడుగున మొహం భద్రంగానే ఉంటుంది. సీసా మూత తీసి, మళ్ళీ పెట్టేశాను. ఇప్పుడది బల్ల మీదే ఉంది. నెగెటివ్ దాని పక్కన. చుట్టుకుపోకుండా పైన స్కేలు బరువు పెట్టాను.